ఒకే పళ్ళెం, ఒకే పంక్తి
మాల్కమ్ ఎక్స్ జీవితం నేర్పే పాఠం

మనుషుల రంగుల్లో, భాషల్లో ఉన్న తేడాలు అల్లాహ్ సూచనలు. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 13వ ఆయత్ ఈ తేడాల వెనుక ఉన్న ప్రయోజనాన్ని కూడా తెలియజేస్తుంది. మానవులు జాతులుగా, తెగలుగా చేయబడింది ఒకరినొకరు తెలుసుకోవడానికి. ఒకరిపై ఒకరికి గల ఔన్నత్యానికి దైవభీతి ఒక్కటే గీటురాయి. ఈ ఆయత్‌ను మనం జుమా ప్రసంగాల్లో, సభల్లో ఎన్నోసార్లు విన్నాం. అయితే తెలుసుకోవడం అంటే ఏమిటి అని మాత్రం అంతగా ఆలోచించం. ఒకే ఊళ్ళో ఉంటే తెలుసుకున్నట్లేనా? ఒకే బడిలో చదివితే, ఒకే సంతలో సరుకులు కొంటే తెలుసుకున్నట్లేనా?

మనుషులు కలిసిమెలిసి ఉంటే అపోహలు వాటంతటవే తొలగిపోతాయని పెద్దలు అంటుంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. కలవడం వల్ల అపోహలు తొలగిన సందర్భాలు ఉన్నాయి. కలవడం వల్లనే అపోహలు రాయిలా గట్టిపడిన సందర్భాలూ ఉన్నాయి. ఎలా కలిశాము, ఏ స్థానంలో నిలబడి కలిశాము అన్నదే అసలు విషయం. ఈ రెండు రకాల కలయికలనూ ఒకే జీవితంలో చవిచూసిన వ్యక్తి అమెరికాకు చెందిన మాల్కమ్ ఎక్స్. తెల్లజాతి వారందరూ సైతానులేనని పన్నెండేళ్ళ పాటు వేదికల మీద ప్రకటించిన ఆయన, హజ్ యాత్రలో గడిపిన కొద్ది రోజుల్లోనే ఆ మాటను వెనక్కి తీసుకున్నారు. అదెలా జరిగిందో తెలుసుకోవాలంటే ఆయన బాల్యం నుంచే మొదలుపెట్టాలి.

కాలిపోయిన ఇల్లు

మాల్కమ్ లిటిల్ 1925 మే 19న నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరంలో జన్మించాడు. తండ్రి ఎర్ల్ లిటిల్ చర్చిల్లో ప్రసంగించే బోధకుడు. నల్లజాతి వారు తమ కాళ్ళ మీద తాము నిలబడాలని పిలుపునిచ్చిన మార్కస్ గార్వే ఉద్యమంలో పనిచేసేవాడు. తల్లి లూయీస్ కరేబియన్ సముద్రంలోని గ్రెనడా దీవిలో పుట్టింది. ఆమె తండ్రి తెల్లవాడు. అందువల్లే మాల్కమ్ జుట్టు ఎర్రగా, మేనిఛాయ కాస్త లేతగా ఉండేది. తనలో ఉన్న ఆ తెల్లవాడి రక్తాన్ని తలచుకొని అతను తర్వాత చాలాకాలం అసహ్యించుకున్నాడు.

కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్ పట్టణానికి చేరింది. అక్కడ వారు కొనుక్కున్న ఇంటి స్థలం తెల్లవారికి మాత్రమే చెందాలని దస్తావేజుల్లో షరతు ఉంది. ఖాళీ చేయమని కోర్టు ఉత్తర్వు కూడా వచ్చింది. 1929లో ఒక రాత్రి ఆ ఇల్లు మంటల్లో కాలిపోయింది. నిద్రలో ఉన్న కుటుంబం ప్రాణాలు దక్కించుకొని బయటపడింది. అప్పుడు మాల్కమ్‌కు నాలుగేళ్ళు. 1931లో తండ్రి ట్రామ్ బండి కింద పడి మరణించాడు. అధికారులు దాన్ని ప్రమాదంగా నమోదు చేశారు. తెల్లజాతి దురహంకారుల ముఠాయే ఆ పని చేసిందని కుటుంబం నమ్మింది.

పిల్లలను పోషించడానికి తల్లి ఎన్నో అగచాట్లు పడింది. ప్రభుత్వ సహాయం కోసం చేయి చాచాల్సి వచ్చింది. సహాయం పేరుతో ఇంటికొచ్చే తెల్ల అధికారులు ఆమెను అనుమానంగా చూసేవారు, పిల్లలను విడివిడిగా ప్రశ్నించేవారు. చివరికి ఆమె మనసు చెదిరిపోయింది. ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్చారు. దాదాపు పాతికేళ్ళు ఆమె అక్కడే ఉండిపోయింది. పిల్లలు తలో ఇంటికీ చెల్లాచెదురయ్యారు. మాల్కమ్ ఎరిగిన మొదటి తెల్లవారు వీరు. వారంతా పైనున్నవారు, తన కుటుంబం కింద ఉన్నది.

దయ ఉంది, గౌరవం లేదు

ఈ తర్వాత జరిగిన సంగతిని పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. పదమూడేళ్ళ వయసులో మాల్కమ్‌ను మేసన్ అనే చిన్న పట్టణంలోని బాలల వసతి గృహానికి పంపారు. దాన్ని నడిపే తెల్ల దంపతులు చెడ్డవారు కారు. అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. తమతో పాటే కూర్చోబెట్టి భోజనం పెట్టారు. బాగా చూసుకున్నారు. అయితే అతని ఎదుటే, అతను అక్కడ లేనట్లే, నల్లవారిని గురించి చులకనగా మాట్లాడుకునేవారు. ఆ మాటలు అతన్ని నొప్పిస్తాయన్న ఆలోచనే వారికి రాలేదు. ఇంట్లో పెంచుకునే ముద్దుల జంతువును చూసినట్లు చూశారే తప్ప, తమలాంటి మనిషిగా చూడలేదని అతనికి తర్వాత అర్థమైంది.

బడిలోనూ అంతే. తరగతి మొత్తానికీ అతనొక్కడే నల్ల పిల్లవాడు. చదువులో ముందుండేవాడు. తోటి విద్యార్థులు అతన్ని తరగతి అధ్యక్షుడిగా కూడా ఎన్నుకున్నారు. పైకి చూస్తే ఇంతకన్నా మంచి కలయిక ఏముంటుంది? ఐతే చరిత్ర పుస్తకంలో నల్లవారి గురించి ఉన్నది ఒక్క పేరా. ఉపాధ్యాయుడు దాన్ని నవ్వుతూ, హేళనగా చదివి వినిపించాడు. మరో ఉపాధ్యాయుడు, మాల్కమ్‌కు మంచి మార్కులు వేసేవాడే, పెద్దయ్యాక ఏమవుతావని ఒకరోజు అడిగాడు. లాయరునవుతానని పిల్లవాడు జవాబిచ్చాడు. నల్లవాడికి అది తగిన ఆశ కాదనీ, చేతిపని బాగా వచ్చు కనుక వడ్రంగం నేర్చుకోమనీ ఆ ఉపాధ్యాయుడు సలహా ఇచ్చాడు. అతనికన్నా తక్కువ మార్కులు వచ్చే తెల్లపిల్లలు ఏమవుతామన్నా ఆయన ప్రోత్సహించాడు.

ఆ రోజు నుంచి మాల్కమ్ తెల్లవారికి దూరంగా జరగసాగాడు. వారికి కారణం కూడా అర్థం కాలేదు. ఇంత బాగా చూసుకుంటున్నాం కదా, ఇతనికేమైంది అనుకున్నారు. గౌరవం లేని దయ మనిషి మనసును గెలవలేదన్న సంగతి వారికి తట్టలేదు. ఆ ఉపాధ్యాయుడికి రోజూ కళ్ళెదుట తెలివైన నల్ల పిల్లవాడు కనిపిస్తూనే ఉన్నాడు. అయినా నల్లవారి గురించి ఆయనకున్న అభిప్రాయం మారలేదు. ఒకే గదిలో కూర్చున్నా స్థానాలు మాత్రం ముందే నిర్ణయమై ఉన్నాయి. అలాంటి కలయిక ఇరువైపులా ఉన్న దురభిప్రాయాన్ని కరిగించలేకపోయింది. పైవాడికి తన చులకన భావం మంచితనంగా కనిపించింది. కిందివాడికి ఆ మంచితనమే అవమానంగా తోచింది.

జైలు గదిలో కుదిరిన లెక్క

1941లో మాల్కమ్ బోస్టన్‌లోని తన సవతి అక్క ఎల్లా ఇంటికి వెళ్ళాడు. బూట్లు తుడిచాడు, రైళ్ళలో తినుబండారాలు అమ్మాడు. తర్వాత న్యూయార్క్‌లోని హార్లెమ్ వీధుల్లో జూదం, మత్తుపదార్థాలు, దొంగతనాలు అతని బతుకుతెరువయ్యాయి. 1946లో దొంగతనం కేసులో ఎనిమిది నుంచి పదేళ్ళ జైలుశిక్ష పడింది. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు కూడా నిండలేదు.

జైల్లో అతను చదువు వైపు మళ్ళాడు. నిఘంటువును మొదటి పేజీ నుంచి చేత్తో రాసుకుంటూ మాటలు నేర్చుకున్నాడు. రాత్రి దీపాలు ఆర్పేశాక నడవాలోంచి గదిలోకి పడే సన్నని వెలుతురులో గంటల తరబడి చదివేవాడు. ఆ రోజుల్లోనే అతని తోబుట్టువులు ‘నేషన్ ఆఫ్ ఇస్లాం’ అనే సంస్థలో చేరారు. ఇక్కడ మనం ఒక విషయాన్ని స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ సంస్థ ఇస్లాం పేరు పెట్టుకున్నప్పటికీ దాని బోధనలు ఇస్లాం మౌలిక విశ్వాసాలకు విరుద్ధమైనవి. దాని స్థాపకుడు వాలెస్ ఫార్డ్‌ను దేవుడి రూపంగా, నాయకుడు ఎలిజా ముహమ్మద్‌ను దైవసందేశహరునిగా అది ప్రచారం చేసింది. ఇది తౌహీద్‌కూ, అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) దౌత్యంతో ప్రవక్తల పరంపర ముగిసిందన్న విశ్వాసానికీ పూర్తిగా భిన్నం. తెల్లవారంతా పుట్టుకతోనే సైతానులన్నది ఆ సంస్థ చేసిన మరో బోధన. ఆదం (అలై) సంతానమంతా ఒక్కటేనని చెప్పే ధర్మంలో ఇలాంటి మాటకు చోటే లేదు.

తమ్ముడు రెజినాల్డ్ జైలుకు వచ్చి ఈ మాట చెప్పినప్పుడు మాల్కమ్‌కు ఒక సందేహం కలిగింది. తనతో ఎంతో మంచిగా మెలిగిన, చేతినిండా డబ్బు ఇచ్చిన ఒక తెల్లవాడు గుర్తొచ్చాడు. అతను కూడా సైతానేనా అని అడిగాడు. అతను నీకు ఇచ్చినదానికన్నా నీ వల్ల ఎక్కువ సంపాదించుకోవడానికే అలా చేశాడని తమ్ముడు జవాబిచ్చాడు. మాల్కమ్ ఆలోచనలో పడ్డాడు. తను ఎరిగిన తెల్ల ముఖాలన్నీ వరుసగా కళ్ళ ముందు కదిలాయి. తల్లిని వేధించిన అధికారులు, ఇల్లు కాల్చినవారు, వడ్రంగం నేర్చుకోమన్న ఉపాధ్యాయుడు, పోలీసులు, జడ్జీలు. లెక్క సరిపోయినట్లు తోచింది.

దురభిప్రాయం పనిచేసే తీరును ఈ ఒక్క సంభాషణలో చూడవచ్చు. చెడ్డవాడు కనిపిస్తే ఆ జాతంతా అంతే అంటుంది. మంచివాడు కనిపిస్తే ఏదో లాభం ఆశించి చేశాడంటుంది. చెడు జాతి ఖాతాలో పడుతుంది, మంచి మాత్రం ఏ ఖాతాలోనూ పడదు. ఇలాంటి గుండెకు ఎన్ని ఉదాహరణలు చూపినా తలుపు తెరుచుకోదు. తమ్ముడు చెప్పిన ఈ జవాబును మనం గుర్తుపెట్టుకుందాం. మళ్ళీ దీనితో పని పడుతుంది.

వేదిక మీద పన్నెండేళ్ళు

1952లో మాల్కమ్ జైలు నుంచి విడుదలయ్యారు. బానిసల యజమానులు తగిలించిన ఇంటిపేరు తనకొద్దంటూ ‘లిటిల్’ను తీసేసి, తెలియకుండా పోయిన ఆఫ్రికా ఇంటిపేరుకు గుర్తుగా ‘ఎక్స్’ అని పెట్టుకున్నారు. 1954లో హార్లెమ్‌లోని ఏడవ నంబరు మందిరానికి బోధకుడయ్యారు. చెడు అలవాట్లన్నీ వదిలేసి, నిరాడంబరంగా బతికారు. 1958లో బెట్టీని వివాహమాడారు. ఆయన మాటల ధాటికి జనం వేల సంఖ్యలో కదిలారు. 1959లో ఒక టెలివిజన్ కార్యక్రమం తర్వాత ఆయన పేరు దేశమంతా తెలిసింది. నల్లవారు అనుభవిస్తున్న అన్యాయాలను ఆయన ఎత్తిచూపిన తీరులో అబద్ధం లేదు. ఆ అన్యాయానికి కారణాన్ని మనుషుల చేతల్లో గాక వారి చర్మంలో వెతకడమే పొరపాటు.

ఆ రోజుల్లో ఒక తెల్ల కాలేజీ అమ్మాయి ఆయన ప్రసంగం విని, మనసు కదిలి, విమానంలో న్యూయార్క్ చేరుకుంది. హార్లెమ్‌లోని హోటల్లో ఆయన్ను కలిసి, ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి తనలాంటివారు ఏం చేయగలరని అడిగింది. ఏమీ చేయలేరని ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు. ఆ అమ్మాయి కన్నీళ్ళతో వెళ్ళిపోయింది. ఇంటి గుమ్మం దాకా వచ్చిన పరిచయాన్ని ఆయనే తోసేశారు. ఆయన తన జీవితంలో ఎంతగానో పశ్చాత్తాపపడిన సంఘటనల్లో ఇది ఒకటి. ఆమె పేరుగానీ, చిరునామాగానీ తెలిసి ఉంటే జవాబు మార్చి చెప్పేవాడినని తర్వాత బాధపడ్డారు.

1963 నాటికి తన నాయకుడి వ్యక్తిగత నడవడి గురించిన నిజాలు ఆయన్ను కలచివేశాయి. అధ్యక్షుడు కెన్నెడీ హత్యపై చేసిన ఒక వ్యాఖ్యను సాకుగా చూపి సంస్థ ఆయన నోరు కట్టేసింది. 1964 మార్చిలో ఆయన సంస్థను వీడుతున్నట్లు ప్రకటించారు. అసలైన ఇస్లాం ఏమిటో తెలుసుకోవాలన్న తపన అప్పటికే మొదలైంది. న్యూయార్క్‌లో ఉన్న ఈజిప్టు పండితుడు డాక్టర్ మహమూద్ యూసుఫ్ షవార్బీ ఆయనకు ధర్మాన్ని పరిచయం చేశారు. హజ్ ఖర్చును అక్క ఎల్లా భరించింది.

జిద్దా విమానాశ్రయంలో

1964 ఏప్రిల్ 13న ఆయన న్యూయార్క్ నుంచి బయలుదేరారు. కైరోలో ఇహ్రామ్ ధరించారు. విమానం నిండా తెలుపు, నలుపు, గోధుమ, పసుపు ఛాయల మనుషులు, అందరి ఒంటిపైనా అవే రెండు కుట్టులేని వస్త్రాలు. విమానం నడిపేవారిలో ఒకరు తనకన్నా నల్లగా ఉండడం చూసి ఆయన ఉప్పొంగిపోయారు. తన దేశంలో జెట్ విమానాన్ని నల్లవాడు నడపడం ఆయన ఎన్నడూ చూడలేదు.

జిద్దాలో దిగాక చిక్కు వచ్చింది. ఆయన చేతిలో ఉన్నది అమెరికా పాస్‌పోర్టు. ఆయన నిజంగా ముస్లిమేనా అని అధికారులు సందేహించారు. హజ్ వ్యవహారాలు చూసే న్యాయాధికారుల ముందు హాజరయ్యే దాకా విమానాశ్రయం పక్కనున్న వసతి భవనంలో ఉండమన్నారు. వేలాది మంది ముందు ఇస్లాం పేరున ప్రసంగాలు చేసిన ఆయనకు నమాజు సరిగా చేయడం రాలేదు. నేల మీద మోకాళ్ళు ముడిచి కూర్చునే అలవాటు లేక కాళ్ళు నొప్పులెత్తాయి. ఒక ముతవ్విఫ్ ఓపికగా పక్కన కూర్చుండి నేర్పించాడు. ఇస్లాం నాయకుడన్న పేరు తప్ప చేతిలో ఏమీ లేని ఒక కొత్త విద్యార్థిగా ఆయన అక్కడ నిలబడ్డారు. ఈ వినమ్రత ఆ తర్వాత జరిగిన దానికి తలుపు తెరిచిందని మనం అనుకోవచ్చు. పాఠం చెప్పేవాడిగా వచ్చినవాడికి ఎదుటివారు కనబడరు. నేర్చుకోవడానికి వచ్చినవాడికే కనబడతారు.

చివరికి డాక్టర్ షవార్బీ ఇచ్చిన ఒక ఫోన్ నంబరు గుర్తొచ్చింది. అది ఉమర్ అజ్జాం అనే ఇంజనీరుది. అరబ్ లీగ్‌కు మొదటి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన అబ్దుర్రహ్మాన్ అజ్జాం కుమారుడాయన. ఫోన్ చేయగానే ఉమర్ పరుగున వచ్చి, అధికారులతో మాట్లాడి, ఆయన్ను ఇంటికి తీసుకువెళ్ళాడు. పెద్దాయన అబ్దుర్రహ్మాన్ అజ్జాం హోటల్లో తాను ఉంటున్న గదులను అతిథికి ఇచ్చేసి, కొడుకు ఇంటికి వెళ్ళి పడుకున్నారు. అమెరికాలో ఉండి ఉంటే ఈ తండ్రీకొడుకులిద్దరూ తెల్లవారిగానే లెక్కకు వచ్చేవారు.

ఆ ఉదయం మాల్కమ్ మనసులో పాత లెక్క మొదలైంది. ఈ మనిషి నా కోసం ఇంత ఎందుకు చేశాడు? తమ్ముడు ఏళ్ళ క్రితం చెప్పిన జవాబు సిద్ధంగా ఉంది: ఏదో లాభం కోసం. ఎంత వెతికినా ఆ లాభం కనబడలేదు. అమెరికాలో చెడ్డపేరు మూటగట్టుకున్న ఒక నల్ల మనిషికి ఆశ్రయమిస్తే అజ్జాంకు ఒరిగేదేమీ లేదు. నష్టం మాత్రం రావచ్చు. జైలు రోజుల్లో మొదలై, వేదికల మీద గట్టిపడిన లెక్క మొదటిసారి తప్పింది. తెలుపు అన్నది చర్మం రంగు కంటే, అమెరికాలో నల్లవారి పట్ల ఉండే ఒక వైఖరికి, ఒక నడవడికి పేరని ఆయనకు ఆ రోజు అర్థం కాసాగింది.

మక్కాలో

తర్వాత యువరాజు ఫైసల్ ఆయన్ను అతిథిగా స్వీకరించారు. మక్కా చేరి కాబా చుట్టూ తవాఫ్ చేశారు. సఫా, మర్వాల మధ్య సయీ చేశారు. జమ్ జమ్ నీరు తాగారు. మినా, అరఫాత్ మైదానాలలో లక్షల మందితో నిలబడ్డారు. ముజ్దలిఫాలో ఆకాశం కింద నేల మీద పడుకున్న రాత్రి, చుట్టూ నిద్రపోతున్న పెద్ద అధికారుల్లో, బిచ్చగాళ్ళలో, అన్ని దేశాలవారిలో గురక ఒకే తీరున వినిపించిందని ఆయన సరదాగా గుర్తుచేసుకున్నారు.

మక్కా నుంచి ఆయన తన సహచరులకు ఉత్తరాలు రాశారు. నీలికళ్ళు, తెల్లని ఛాయ గల ముస్లిములతో ఒకే పళ్ళెంలో తిన్నాననీ, ఒకే గ్లాసులో తాగాననీ, ఒకే తివాచీ మీద నిద్రించాననీ, ఒకే దేవుణ్ణి ప్రార్థించాననీ తెలియజేశారు. తన నోట ఈ మాట విని వారు ఆశ్చర్యపోతారని ఆయనకు తెలుసు. అయినా కళ్ళతో చూసినదాన్ని దాచలేదు. హజ్‌లో తనను అన్నింటికన్నా కదిలించింది ఏమిటని అడిగినవారికి ఆయన చెప్పిన సమాధానం సోదరభావం.

పళ్ళెం అనే మాట దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. మేసన్ పట్టణంలోని వసతి గృహంలోనూ ఆయన తెల్లవారితో కలిసి భోంచేశారు. భోజనం బల్ల అక్కడా ఉంది. అక్కడ వారు పెట్టేవారు, ఈయన తినేవాడు. ఇక్కడ పెట్టేవాడూ తినేవాడూ అన్న తేడా లేదు. అందరూ ఒకే యజమాని ముంగిట చేరిన అతిథులు. అందరూ ఒకే పనిమీద వచ్చారు. అందరి దుస్తులూ ఒక్కటే. ఎవరు ముందు, ఎవరు వెనుక అని నిర్ణయించే అధికారం ఏ జాతికీ లేదు. సమానత్వాన్ని ఒక మంచి మనిషి ఔదార్యానికి వదిలేయకుండా, ధర్మమే దాన్ని విధిగా చేసింది. మేసన్ భోజనం ఆయనలో ద్వేషానికి విత్తనం వేసింది. మక్కా భోజనం దాన్ని పెకలించింది.

ఆయన కళ్ళు మూసుకొని పొగడలేదు కూడా. హజ్‌లో ఒకే దేశం, ఒకే ఛాయ గలవారు తమలో తాము గుంపులుగా తిరగడం ఆయన గమనించారు. ఎవరినీ ఎవరూ వెళ్ళగొట్టలేదు, ఎవరూ తక్కువన్న భావన లేదు, తమవారి దగ్గర ఉండడం మనుషులకు సహజం అని అర్థం చేసుకున్నారు. తేడా ఉండడం వేరు, ఆ తేడాను నిచ్చెన మెట్లుగా మార్చుకోవడం వేరు.

ఒక రాయబారి వేసిన ప్రశ్న

హజ్ తర్వాత ఆయన ఆఫ్రికా దేశాల్లో పర్యటించారు. ఘనాలో అల్జీరియా రాయబారిని కలిశారు. ఫ్రాన్స్ వలస పాలనపై పోరాడిన ఆ మనిషి చూడ్డానికి తెల్లగా ఉంటాడు. నల్లజాతీయవాదమే తన మార్గమని మాల్కమ్ చెప్పినప్పుడు, మరి ఆ మార్గంలో తన స్థానమెక్కడని రాయబారి అడిగాడు. మొరాకో, ఈజిప్టు, ఇరాక్ దేశాల్లో అన్యాయంపై పోరాడేవారి స్థానమెక్కడని కూడా అడిగాడు. మాల్కమ్ దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను ఆయన నెలల తరబడి మోశారు. తన ఆశయానికి పెట్టుకున్న పేరునే తిరిగి ఆలోచించుకున్నారు.

1964 మే 21న ఆయన అమెరికా తిరిగి వచ్చారు. ఇప్పుడు ఆయన పేరు అల్ హాజ్ మాలిక్ అల్ షబాజ్. ఒక జాతి మొత్తాన్ని దోషిగా నిలబెట్టే మాట ఇకపై అననని బహిరంగంగా ప్రకటించారు. అమెరికాలో నల్లవారిపై జరిగే అన్యాయం గురించి మాత్రం ఆయన గొంతు తగ్గలేదు. ఆ దేశపు జాతి వివక్షను ఐక్యరాజ్యసమితి ముందు నిలబెట్టాలని ప్రయత్నించారు. నిజాయితీ గల తెల్లవారు తమ సొంత సమాజంలోకి వెళ్ళి, అక్కడున్న దురభిమానంతో పోరాడాలని కోరారు. ఆ కాలేజీ అమ్మాయికి ఇవ్వలేకపోయిన జవాబు ఇదే.

దురభిప్రాయాన్ని వదులుకోవడమంటే అన్యాయాన్ని క్షమించి ఊరుకోవడమని కొందరు అనుకుంటారు. మాల్కమ్ జీవితంలో అలా జరగలేదు. ద్వేషం తగ్గిన కొద్దీ చూపు స్పష్టమైంది. రంగును చూసే కన్ను మూసుకుపోయి, జులుమ్‌ను చూసే కన్ను తెరుచుకుంది.

ఈ మార్పుకు ఆయన పెద్ద మూల్యమే చెల్లించారు. పాత సంస్థ నుంచి బెదిరింపులు వచ్చాయి. 1965 ఫిబ్రవరి 14న తెల్లవారుజామున భార్యాపిల్లలు నిద్రిస్తుండగా ఇంటి మీద పెట్రోలు బాంబులు పడ్డాయి. బాల్యంలో కాలిన ఇల్లు మళ్ళీ కాలింది. ఈసారి ఆయన అనుమానం నల్లవారి మీదే. రంగును బట్టి మిత్రుణ్ణీ శత్రువునూ లెక్కగట్టడం ఎంత పొరపాటో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. వారం తర్వాత, ఫిబ్రవరి 21న, న్యూయార్క్‌లోని ఆడుబన్ హాలులో ప్రసంగించడానికి నిలబడగానే ఆయన్ను కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్ళు. నలుగురు కుమార్తెలు, గర్భవతిగా ఉన్న భార్య మిగిలారు. ఆ తర్వాత కవల ఆడపిల్లలు పుట్టారు. ఈ హత్య కేసులో ముగ్గురికి శిక్ష పడింది. వారిలో ఇద్దరు నిర్దోషులని 2021లో న్యూయార్క్ కోర్టు వారి శిక్షలను రద్దు చేసింది. ఆయన సందేశం మాత్రం ఆగలేదు. 1975లో ఎలిజా ముహమ్మద్ మరణించాక ఆయన కుమారుడు వారిసుద్దీన్ ముహమ్మద్ ఆ సంస్థలోని అత్యధికులను అసలైన ఇస్లాం వైపు నడిపించారు. తెల్లవారికి మూసి ఉన్న తలుపులను తెరిచారు.

పరిశోధనలు చెబుతున్నది

మాల్కమ్ జైలు నుంచి వచ్చి హార్లెమ్‌లో బోధిస్తున్న రోజుల్లోనే, 1954లో, గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దురభిప్రాయాల స్వభావంపై ఒక ప్రసిద్ధ గ్రంథం రాశాడు. రెండు వర్గాల మధ్య కలయిక అపోహలను తగ్గించాలంటే నాలుగు విషయాలు తోడ్పడతాయని అందులో వివరించాడు. కలిసినవారి స్థాయి సమానంగా ఉండాలి. అందరికీ ఒకే లక్ష్యం ఉండాలి. ఆ లక్ష్యం కోసం ఒకరికొకరు సహకరించుకోవాలి. చట్టం, ఆచారం, పెద్దల మద్దతు ఆ కలయికకు ఉండాలి. తర్వాత ఎందరో ఈ విషయాన్ని పరీక్షించారు. 2006లో ఇద్దరు పరిశోధకులు 515 అధ్యయనాలను కలిపి చూసి, వర్గాల మధ్య పరిచయం సాధారణంగా దురభిప్రాయాన్ని తగ్గిస్తుందనీ, ఈ నాలుగూ తోడైతే ఇంకా ఎక్కువగా తగ్గిస్తుందనీ తేల్చారు.

ఈ నాలుగింటినీ ఒక్కసారి హజ్ పక్కన పెట్టి చూడండి. ఇహ్రామ్ స్థాయిని సమానం చేస్తుంది. లక్ష్యం ఒక్కటే. ఇరుకైన గుడారాల్లో సహకరించుకోకుండా రోజు గడవదు. ఆదేశం సాక్షాత్తూ అల్లాహ్‌ది.

2009లో వెలువడిన మరో అధ్యయనం నేరుగా హాజీల మీదే జరిగింది. పాకిస్తాన్‌లో అప్పట్లో హజ్ దరఖాస్తుదారులను లాటరీ ద్వారా ఎంపిక చేసేవారు. 2006 హజ్‌కు లాటరీలో పేరు వచ్చినవారినీ, రానివారినీ కలిపి 1,600 మందికి పైగా ప్రశ్నించారు. హజ్‌కు వెళ్ళినవారిలో ఇతర జాతుల, ఇతర వర్గాల ముస్లిముల పట్ల సద్భావన పెరిగింది. అంతేకాదు, ముస్లిమేతరులతో శాంతిగా, సమానంగా మెలగాలన్న భావన కూడా బలపడింది. ఆడపిల్లల చదువు పట్ల సానుకూలత పెరిగింది. తమవారితో ఐక్యత పెరిగితే ఇతరులతో దూరం పెరుగుతుందన్న భయానికి ఇక్కడ ఆధారం దొరకలేదు.

మన మాట

దైవప్రవక్త (స) మదీనా చేరుకోగానే ముహాజిర్లనూ అన్సార్లనూ జంటలుగా కలిపి సోదరులను చేశారు. ఇల్లు, పని, కష్టం పంచుకున్న సోదరులు వారు. అబిసీనియా సంతతికి చెంది, బానిసత్వం నుంచి విముక్తి పొందిన హజ్రత్ బిలాల్ (రజి) మక్కా విజయం రోజున కాబా పైనుంచి అజాన్ పలికారు. వారి స్థానాన్ని మార్చిన తర్వాతే వారి గురించిన చూపు మారింది.

మరి మన సంగతి ఏమిటి? మన ఊళ్ళలో అన్ని కులాలవారు, మతాలవారు రోజూ ఎదురుపడుతూనే ఉన్నారు. కూలికి పిలుస్తాం, సరుకు కొంటాం, పండుగకు మిఠాయి పంపిస్తాం. అయినా పరస్పరం అపోహలు తగ్గడం లేదని బాధపడతాం. పల్లెల్లోని టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గురించి విన్నవారే మనమంతా. అక్కడా కలయిక ఉంది, గ్లాసులే వేరు. ముస్లిములమైన మనలోనూ మస్జిదు పంక్తిలో భుజం కలిపి నిలబడి, బయటికి రాగానే బిరాదరీలు, వంశాలు గుర్తుచేసుకునేవారు లేకపోలేదు. నమాజులో సమానత్వాన్ని పాటించి, పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు దాన్ని చెప్పులతో పాటు బయటే వదిలేస్తే ఆ పంక్తి మనకేం నేర్పినట్లు?

మన ఇంటికి పనికి వచ్చే మనిషి మన దస్తర్‌ఖాన్ మీద మనతో పాటు కూర్చుంటున్నాడా? పొరుగునున్న హిందూ సోదరుడితో కలిసి వీధి నీటి సమస్య కోసమో, బడి కోసమో చెమటోడ్చిన రోజు ఉందా? ఒక వర్గం గురించి మాట దొర్లినప్పుడు, ఆ వర్గం మనిషి మన ముందు కూర్చుని ఉంటే ఆ మాట అనగలమా? ఈ ప్రశ్నలు ఎవరికి వారు వేసుకోవాలి. ఇప్పుడు వేసుకోకపోతే, మేసన్‌లోని ఆ మంచి దంపతుల్లా, ఎదుటివాడికి ఏమైందో తెలియక ఆశ్చర్యపోతూ మిగిలిపోతాం.

అల్లాహ్ మన చూపులోని కల్మషాన్ని కడిగివేయుగాక! ఒకరినొకరు తెలుసుకునే సద్బుద్ధిని, తెలుసుకున్నాక గౌరవించే హృదయాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.